హెడ్డులో నెర్రె

మేస్త్రి ఇంజన్ హెడ్డును బోర్లించి, పాత బనీను గుడ్డను కిరోసిన్‌లో ముంచి దాని ముఖమంతా తడిపాడు. బీడీ ముట్టించుకోవడానికి షెడ్డు బయటికి, రోడ్డవతలికి పోయాడు. తిరిగొచ్చి పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. బడిపిల్లల సుద్దముక్క ఒకటి అరచేతిలో నలిపి, ఆ పొడిని ఉఫ్‌మని ఊదాడు. రెండు నిమిషాల పాటు ఏమీ కనిపించలేదు. తర్వాత రెండో సిలిండర్ దగ్గర, లోపలికి గాలి వచ్చే వాల్వుకూ పొగ బయటికి పోయే వాల్వుకూ నడుమనున్న సన్నటి గట్టు మీద, తెల్లటి పొడిలో వెంట్రుకంత నల్లగీత తేలింది.

"ఇగో మామా, నెర్రె," అన్నాడు.

మహబూబ్‌నగర్, జడ్చర్ల నుంచి కల్వకుర్తి, దేవరకొండ, మల్లేపల్లి మీదుగా మిర్యాలగూడ, కోదాడ దిక్కు పోయే 167వ నంబరు జాతీయ రహదారి పాలమూరునూ నల్లగొండనూ కలిపి కుట్టిన దారం లాంటిది. ఆ తోవ పొడుగునా ఏ కూడలిలో ఆగినా ఇలాంటి రేకుల షెడ్డు ఒకటి కనిపిస్తుంది. బయట నూనె పీల్చి నల్లబడ్డ మట్టి, గోడకు ఆనించిన పాత సైలెన్సర్లు, ముందరి చక్రాలు ఊడదీసి రాళ్ల మీద నిలబెట్టిన ట్రాక్టర్. ఆ రోజు రాళ్ల మీదున్నది మా మేనమామ బండి. ముప్పై ఏళ్లు దాటింది. ముందురోజు వాన పడి చేను పదును మీదుంది.

"పదును మూడొద్దులు ఆగుతది మేస్త్రీ. పత్తి గింజ పడాలె. అప్పటిదాక నడిచేటట్టు జెయ్యి, ఆ తర్వాత కొత్త హెడ్డే ఏపిస్త."

"నడిపిస్త గని, దాని మీద పానం పెట్టుకోకు."

ఈ మూడొద్దుల మరమ్మతు వెనక ఉన్న సైన్సు గురించే ఈ వ్యాసం. తాత్కాలికం అనే మాటను మనం చులకనగా వాడతాం. పగిలిన పోత ఇనుమును మూడు రోజులు పనిచేయించాలంటే ఆ పగులు ఎందుకొచ్చింది, ఏ వైపు నుంచి ఏ వైపుకు తోస్తున్నది, ఎంత బలంతో తోస్తున్నది అన్నది తెలియాలి. అది తెలియని అతుకు మూడు గంటలు కూడా ఆగదు.

ముందు ఆ సుద్ద పరీక్ష సంగతి. సన్నటి సందు కనిపిస్తే చాలు, పలుచటి నూనె దానంతటదే లోపలికి పాకుతుంది. దీపం ఒత్తి నూనెను పైకి పీల్చే గుణమే ఇది. పైన తుడిచేసినా పగులులో దాగిన కిరోసిన్ మిగులుతుంది. పొడి సుద్ద దాన్ని మళ్లీ బయటికి గుంజుతుంది, గీత తడుస్తుంది. రైల్వే వర్క్‌షాపుల్లో ఇరుసులకూ చక్రాలకూ ఒకప్పుడు ఇదే పరీక్ష చేసేవాళ్లు. ఇప్పుడు పెద్ద కంపెనీల్లో ఎర్ర రంగు ద్రవం, తెల్ల స్ప్రే డబ్బా వాడుతున్నారు. సూత్రం మారలేదు, డబ్బా మారింది.

ఇక పగులు. పెద్ద చెరువు ఎండినప్పుడు దాని కడుపులో మట్టి ఎలా నెర్రెలిస్తుందో చూసిన వాళ్లకు హెడ్డు సంగతి సగం తెలిసినట్టే. పైపొర ఆరుతూ ముడుచుకోవాలని చూస్తుంది. కింది తడిమట్టి దాన్ని ముడుచుకోనివ్వదు. ముడుచుకోవాలనే పొరను పట్టి ఆపితే అది సాగినట్టే లెక్క. సాగే శక్తి మట్టికి లేదు కనుక పగులుతుంది. వాల్వుల నడుమ గట్టు మీద జరిగేదీ అదే, కాకపోతే రెండు అంకాల్లో జరుగుతుంది. మంట తగిలినప్పుడు ఆ గట్టు వ్యాకోచించాలని చూస్తుంది. చుట్టూ చల్లగా ఉన్న మందపాటి ఇనుము దాన్ని కదలనివ్వదు. నలువైపులా నొక్కుడు పడి, ఎర్రగా కాకపోయినా బాగా వేడెక్కి మెత్తబడ్డ లోహం రవ్వంత నలిగి కురచవుతుంది. ఇంజన్ ఆపి చల్లారాక అసలు కథ మొదలు. కురచైన గట్టు ఇప్పుడు తన పాత చోటుకు చాలదు, చుట్టూ ఉన్న ఇనుము దాన్ని గుంజుతుంది. పొద్దున వేడి, మాపున చల్లన. పొద్దున నొక్కుడు, మాపున గుంజుడు. కొన్ని వేల మార్లు ఇలా జరిగాక వెంట్రుకంత గీత పుడుతుంది. పగులు పుట్టేది మంటలో అని అందరూ అనుకుంటారు. నిజానికి అది నోరు తెరిచేది చల్లారేటప్పుడు.

పోత ఇనుముకు ఇక్కడొక బలహీనత ఉంది. దానిలో మూడు, మూడున్నర శాతం దాకా కార్బన్ ఉంటుంది. అందులో ఎక్కువ భాగం గ్రాఫైట్ రేకులుగా లోహం నిండా చెదిరి ఉంటుంది. పెన్సిల్ ముల్లులో ఉండే గ్రాఫైటే. ఆ రేకుల వల్లే పోత ఇనుము వేడిని బాగా మోస్తుంది, లేత్ మీద సులువుగా కోతకు వస్తుంది, అదురును మింగేస్తుంది. కానీ గుంజినప్పుడు ప్రతి రేకూ ముందే ఉన్న చిన్న పగులులా ప్రవర్తిస్తుంది. అందుకే నొక్కితే ఎంత బరువునైనా ఓర్చే ఇనుము, గుంజితే అందులో మూడో వంతుకో నాలుగో వంతుకో లొంగుతుంది. మామూలు రకాలు చదరపు మిల్లీమీటరుకు 20 నుంచి 25 కిలోల గుంజుడు దగ్గర తెగిపోతాయి. ఒక చిన్న లెక్క చేద్దాం. కదలకుండా బిగించి ఉన్న పోత ఇనుము పైపొరను ఒక్కసారిగా 100 డిగ్రీలు చల్లారిస్తే, అందులో పుట్టే గుంజుడు చదరపు మిల్లీమీటరుకు దాదాపు 16 కిలోలు. తెగే హద్దుకు అది ఎంత దగ్గరో చూడండి.

రేడియేటర్ పొగలు కక్కుతుంటే బండి ఆపి, పక్క బోరింగు నుంచి బకెట్టు నీళ్లు తెచ్చి గబగబా గుమ్మరించడం మన దగ్గర రోజూ చూసే దృశ్యం. ఆ బకెట్టు చేసే పని ఆ లెక్కలోనే ఉంది. మన ఊళ్లలో రాయి కొట్టే వడ్డెరలకు ఈ భౌతికశాస్త్రం తరతరాలుగా తెలుసు. బండ మీద మంట పెట్టి, పైపొర వేడికి ఉబ్బి అడుగు నుంచి విడివడేట్టు చేసి, పలకలు లేపుతారు. వేడిలో తేడా చాలు, నల్లరాయి కూడా పగులుతుంది. పోత ఇనుమెంత?

అసలు ఆ వేడి ఎంతో కూడా ఊహించుకోవాలి. డీజిల్‌లో ఉన్న శక్తిలో సుమారు మూడో వంతే చక్రాన్ని తిప్పుతుంది. మరో మూడో వంతు సైలెన్సర్ గుండా పోతుంది. మిగిలిన దానిలో ఎక్కువ భాగం నీళ్లలోకి దిగుతుంది. 35 హార్స్‌పవర్ ట్రాక్టర్ నిండు లోడు మీద దున్నుతున్నప్పుడు నీళ్లలోకి దిగే వేడి 20 కిలోవాట్ల పైమాటే. చలికాలం బకెట్టులో వేసుకునే 1000 వాట్ల హీటర్ రాడ్లు ఇరవై ఒక్కసారిగా రేడియేటర్‌లో వేలాడదీసినట్టు. ఫ్యాన్ బెల్టు తెగితే, నీళ్లూ ఇనుమూ కలిసి మరుగు దాకా పోవడానికి ఒకటి రెండు నిమిషాలు చాలు. అప్పుడు డ్రైవర్ ఫోన్ మాట్లాడుతూ ఉండి ఉంటాడు.

మా మామ బండికి బెల్టు తెగలేదు, నీళ్లు తక్కువ కాలేదు. మరి గట్టు ఎందుకు పగిలింది? మేస్త్రి హెడ్డును పక్కకు తిప్పి, నీళ్లు తిరిగే రంధ్రంలోకి స్క్రూడ్రైవర్ పెట్టి గీకాడు. కోడిగుడ్డు పెంకు లాంటి తెల్లటి, గోధుమరంగు పెళ్లలు రాలాయి. "బోరు నీళ్లు," అన్నాడు. ఇంకో మాట అనలేదు.

ఒక పెళ్లను నేను జేబులో వేసుకున్నాను. ఇంటికొచ్చి స్టీలు పళ్లెంలో పెట్టి నిమ్మకాయ పిండితే బుసబుస పొంగింది. కాల్షియం కార్బొనేట్ ఆమ్లం తగిలితే కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే సుద్దే ఇది. వాననీరు నేలలోకి దిగుతూ కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని, రాతిలోని కాల్షియాన్ని కరిగించుకుంటుంది. కరిగినంత సేపు కనిపించదు. వేడి తగలగానే కార్బన్ డయాక్సైడ్ లేచిపోతుంది, సున్నం రాయిగా మారి ఎక్కడ వేడి ఎక్కువుంటే అక్కడ అంటుకుంటుంది. ఇంజన్‌లో అన్నిటికన్నా వేడి చోటు ఏది? వాల్వుల నడుమ గట్టు వెనక భాగం. అంటే నీళ్లు ఏ చోటిని కాపాడాలో సరిగ్గా ఆ చోటికే దుప్పటి కప్పుతాయి.

ఆ దుప్పటి మందం తక్కువే, పని ఎక్కువ. పోత ఇనుముతో పోలిస్తే ఆ సుద్దపొర వేడిని పాతిక వంతు కూడా దాటనివ్వదు. ఒక్క మిల్లీమీటరు సుద్ద పేరుకుంటే, మంటకూ నీళ్లకూ నడుమ పాతిక మిల్లీమీటర్ల పైచిలుకు అదనపు ఇనుము పెట్టినట్టే. నీళ్లు 85 డిగ్రీల దగ్గర బుద్ధిగా ఉంటాయి, మీటర్ ముల్లు పచ్చగీత మీదే ఉంటుంది. లోపల గట్టు మాత్రం ఉండాల్సిన దానికన్నా వంద డిగ్రీలు ఎక్కువ వేడిలో ఉడుకుతూ ఉంటుంది. డ్రైవర్‌ను తిట్టడానికి లేదు, అతనికి తెలిసే దారే లేదు.

ఎంత సుద్ద చేరుతుందో కాగితం మీద తేలుతుంది. తాగే నీళ్లకు భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు ప్రకారం కఠినత లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే గతి లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చు. మధ్యరకంగా 400 ఉన్న బోరు నీళ్లు అనుకుందాం. పాత రేడియేటర్ రోజుకు రెండు లీటర్లు తాగుతుంది. ఏడాదిలో 300 రోజులు పోస్తే 600 లీటర్లు. అందులో వచ్చి చేరేది 240 గ్రాములు. సగమే లోపల అంటుకుందనుకున్నా, పదేళ్లలో కిలోకు పైగా సున్నపురాయి ఇంజన్ కడుపులో కూర్చుంటుంది. కారే రేడియేటర్‌ను బాగుచేయించకుండా రోజూ నీళ్లు పోసి నడపడం ఇంజన్‌కు సున్నం తినిపించడమే.

ఇక్కడొక పక్కదారి. నల్లగొండ నీళ్లనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు దిక్కు వంగిపోయిన కాళ్లను చూడని విలేకరి లేడు. నాగపూర్‌లోని నీరీ సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి పెట్టిన పేరే 'నల్లగొండ టెక్నిక్'. ఒక జిల్లా పేరు ప్రపంచ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన తీరు అది, సంతోషించే తీరు మాత్రం కాదు. ఇంజన్ పాడవడానికీ ఫ్లోరైడే కారణమని షెడ్డుల్లో అనుకోవడం విన్నాను. రసాయనశాస్త్రం ఒప్పుకోదు. ఫ్లోరైడూ కాల్షియమూ ఒకే నీళ్లలో ఎక్కువగా ఇమడలేవు, కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు దిగిపోతాయి. అందుకే కాల్షియం తక్కువున్న నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ దాకా పెరగగలుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే మనిషికి ప్రమాదం, ఇంజన్‌కు ఆ లెక్కే పట్టదు. ఇంజన్‌ను చంపే నీళ్లూ ఎముకను వంచే నీళ్లూ ఒకే ఊళ్లో రెండు వేర్వేరు బోర్లలో ఉండొచ్చు.

నీళ్లే లేని ఇంజన్‌కు నీళ్ల గొడవ లేదు. ఫరీదాబాద్‌లో మొదలైన ఐషర్ కంపెనీ చిన్న ట్రాక్టర్లలో ఒంటి సిలిండర్ ఇంజన్ గాలితోనే చల్లబడుతుంది, రేడియేటరే ఉండదు. దాని చప్పుడు మైలు దూరం వినబడుతుంది గానీ, దానికి బోరు నీళ్ల భయం లేదు. పాత బావుల దగ్గరి ఆయిలింజన్లది దీనికి నేరుగా ఎదురు కథ. పంపు తోడిన నీళ్లలోంచే ఒక పాయ ఇంజన్ గుండా పోయి కాలువలో పడేది. గంట గంటకూ కొత్త నీళ్లు, కొత్త సున్నం.

సరే, పగిలింది. ఇప్పుడేం చేయాలి?

మేస్త్రి మొదట అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. "పొద్దుగాల ఆయిల్ కాడి పుల్ల తీసి చూసినవా?" అన్నాడు. ఆయిల్ నల్లగానే ఉంది. అది పాలు కలిపిన చాయ్ రంగుకు తిరిగి ఉంటే, నీళ్లు ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతున్నట్టు. అలాంటప్పుడు తాత్కాలికం అనే మాటే లేదు. బేరింగుకూ క్రాంకు షాఫ్టుకూ నడుమ నిలబడేది పలుచటి నూనెపొర ఒక్కటే, నీళ్లు కలిసిన నూనె ఆ పొరను నిలపలేదు. హెడ్డు ఖర్చుతో పోయేది ఇంజన్ ఖర్చు దాకా వస్తుంది. ఆ బండిని తాడు కట్టి గుంజుకుపోవడమే మేలు.

రెండో సంగతి, పగులు ఏ గదిని ఏ గదితో కలిపింది? హెడ్డు బయటి గోడ మీద నెర్రె పడి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతుంటే అది తేలిక. అక్కడ లోపలి ఒత్తిడి రేడియేటర్ మూత పట్టి ఉంచేంతే, మహా అయితే ఒక అట్మాస్ఫియర్ అదనం. ఆ చోట నూనె జిడ్డు వదిలే దాకా గీకి, ఎంసీల్ ముద్ద పెట్టి, ఒక రాత్రి ఆరనిస్తే వారాల తరబడి ఆగుతుంది. ఎంసీల్ లాంటి మామూలు ఎపాక్సీ వేడికి మెత్తబడుతుంది గనుక మూతను పూర్తిగా బిగించకుండా ఒత్తిడి తగ్గించి నడుపుతారు. ఒత్తిడి తగ్గితే నీళ్లు ముందే మరుగుతాయి, అది ఇంకో తిప్పలు. మహబూబ్‌నగర్ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తు. మూత లేని రేడియేటర్‌లో నీళ్లు అక్కడ 98 డిగ్రీల చిల్లరకే మరుగుతాయి.

మా మామ బండి పగులు లోపలిది, మంట గదికీ నీళ్ల గదికీ నడుమ. మంట గదిలో డీజిల్ అంటుకున్న క్షణంలో ఒత్తిడి 60 అట్మాస్ఫియర్లు దాటుతుంది. 90 మిల్లీమీటర్ల వ్యాసమున్న పిస్టన్ మీద అది దాదాపు నాలుగు టన్నుల బరువు. 1500 చుట్ల వేగంలో నిమిషానికి 750 సార్లు ఆ దెబ్బ పడుతుంది. ఆ గ్యాసు పగులులోంచి నీళ్లలోకి దూరుతుంది. అందుకే రేడియేటర్ మూత తీసి ఇంజన్ నడిపితే నీళ్లలో బుడగలు. ఇంజన్ ఆపిన తర్వాత దారి తిరగబడుతుంది. మంట గదిలో ఒత్తిడి లేదు, నీళ్ల గదిలో ఇంకా ఉంది. ఇప్పుడు నీళ్లు సిలిండర్‌లోకి కారతాయి. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు తెల్లపొగ, ఒక సిలిండర్ తడబాటు. కారిన నీళ్లు ఎక్కువైతే ఇంకా ఘోరం. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. పైకి వచ్చే పిస్టన్ నీళ్లకు గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. పగిలిన హెడ్డుతో రాత్రి నిలబెట్టిన బండిని పొద్దున సెల్ఫ్ కొట్టే ముందు, ఇంజెక్టర్ విప్పి చేత్తో ఇంజన్ తిప్పి చూడాలని మేస్త్రులు చెప్పేది అందుకే. ఆ మాట విననివాళ్ల రాడ్లు షెడ్డు గోడకు వేలాడుతుంటాయి.

పసుపు సంగతి తప్పకుండా చెప్పాలి. రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు వేయడం మన లారీ డ్రైవర్ల పాత వైద్యం. ఇందులో మూఢనమ్మకం లేదు. పసుపులో పీచూ పిండిపదార్థమూ ఉంటాయి. వేడి నీళ్లలో పిండి ఉబ్బి జిగటవుతుంది, కారే రంధ్రం దగ్గరికి నీళ్లతో పాటు కొట్టుకొచ్చి ఇరుక్కుంటుంది. అమెరికాలో ఇదే పనికి మిరియాల పొడి వేసేవాళ్లు, గుడ్డు కొట్టి పోసేవాళ్లు. కానీ ఇదంతా ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి దగ్గర చెల్లే వైద్యం. 60 అట్మాస్ఫియర్ల మంట ముందు పసుపు ముద్ద ఎంతసేపు ఆగుతుంది? పైగా రేడియేటర్ సన్నగొట్టాలన్నిటికీ అడ్డం పడి, ఉన్న కాస్త చల్లదనాన్నీ చెడగొడుతుంది.

మంట గది పగులుకు ద్రవరూపంలో దొరికే మందు ఒకటుంది, సోడియం సిలికేట్. ఇసుకనూ సోడానూ కలిపి కరగబెట్టి, నీళ్లలో కరిగించిన గాజు. నీటిగాజు అంటారు. బయట హెడ్డు పగుళ్లకని అమ్మే సీసాల్లో చాలావాటిలో ఉండేది ఇదే. ఇది పనిచేసే తీరు ముచ్చటగా ఉంటుంది. నీళ్లతో కలిసి తిరిగినంత సేపు ఇది ద్రవమే. పగులులోకి దూరి వేడి లోహం తగలగానే దానిలోని నీరు ఎగిరిపోతుంది, గాజు మిగులుతుంది. పగులు అవతలి నుంచి వచ్చే పొగలోని కార్బన్ డయాక్సైడ్ కూడా దాన్ని గట్టిపరుస్తుంది. ఫౌండ్రీల్లో ఇసుక అచ్చులను ఇదే సిలికేటుతో కలిపి, కార్బన్ డయాక్సైడ్ ఊది గట్టిపరుస్తారు. హెడ్డు పోతపోయడానికి ఇసుకను పట్టి ఉంచే రసాయనమే ఆ హెడ్డు పగిలితే అతకడానికీ వస్తుందన్నమాట.

వాడే తీరులో పొరపాటు చేస్తే మాత్రం మందే జబ్బవుతుంది. పాత కూలెంట్ చుక్క మిగలకుండా కడగాలి, లేకపోతే అందులోని గ్లైకాల్ తగిలి సిలికేట్ జావలా గడ్డకడుతుంది. థర్మోస్టాట్ తీసేయాలి. ఇంజన్ నడుస్తుండగా సన్నధారగా పోసి, అరగంట నెమ్మదిగా తిప్పి, నీళ్లు దించేసి, ఒక రోజంతా ఆరనివ్వాలి. పత్తి రైతుకు ఆ ఒక్కరోజు ఇవ్వడమే కష్టం.

సోడియం సిలికేట్‌కు ఇంకో ముఖం ఉంది. 2009లో అమెరికా ప్రభుత్వం డబ్బిచ్చి 6.7 లక్షలకు పైగా పాత కార్లను రోడ్ల మీంచి తొలగించింది. వాటిని మళ్లీ ఎవరూ నడపకుండా చంపడానికి ఎంచుకున్న విషం ఇదే. ఇంజన్ ఆయిల్ తీసేసి, ఆ స్థానంలో సోడియం సిలికేట్ ద్రావణం పోసి స్టార్ట్ చేస్తే నిమిషాల్లో బేరింగులు గాజుతో పట్టేసేవి. నీళ్ల దారిలో పోస్తే వైద్యం, ఆయిల్ దారిలో పోస్తే హత్య. సీసా చేతికిచ్చేటప్పుడు ఏ మూత తీయాలో కూడా చెప్పి పంపాలి.

మేస్త్రి సీసా జోలికి పోలేదు. హెడ్డును లేత్ షాపుకు తీసుకుపోయాడు. నెర్రె రెండు కొసలనూ వెతికి పట్టి, సరిగ్గా ఆ కొసల మీద మూడు మిల్లీమీటర్ల డ్రిల్లుతో రంధ్రాలు వేయించాడు. పగిలిన దానికి ఇంకా బొక్కలేమిటని మామ ముఖం చిట్లించాడు. దానికి జవాబు 1913లో కేంబ్రిడ్జి ఇంజనీర్ చార్లెస్ ఇంగ్లిస్ రాసిన లెక్కలో ఉంది. పగులు కొస ఎంత వాడిగా ఉంటే బలమంతా అంతగా ఆ ఒక్క బిందువు మీద గుమికూడుతుంది. సెంటీమీటరు పొడవైన పగులు కొస గుండ్రం మిల్లీమీటరులో వందో వంతుంటే, ఆయన సూత్రం ప్రకారం అక్కడ బలం 45 రెట్లవుతుంది. అదే కొసన మూడు మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం వేస్తే అది అయిదు రెట్ల దగ్గరికి దిగుతుంది. గుడ్డ చిరుగు కొసన గుండ్రంగా కత్తిరిస్తే చిరుగు ఆగినట్టు. నెర్రె కొస దాటి రంధ్రం పడితే సరి, కొసకు ఇవతల పడితే పగులు ముందే రంధ్రం దాటిపోయి ఉంటుంది. అందుకే మళ్లీ కిరోసిన్, మళ్లీ సుద్దపొడి.

తర్వాత ఆ రంధ్రాలకు మర వేసి, మర ఉన్న లోహపు కడ్డీలు బిగించి తల నరికి, రెండింటి నడుమ ఒకదాన్నొకటి కొంచెం కొరుకుతూ ఇంకా కొన్ని బిగించారు. పగులు పొడుగునా కుట్టు వేసినట్టు. తర్వాత పైన సుత్తితో మెల్లగా కొట్టి, ముఖాన్ని సాపు చేశారు. దీనికి మెరుగైన రూపం 1930ల్లో అమెరికాలోని టెక్సాస్ చమురు బావుల దగ్గర పుట్టింది. చమురు ఆవిర్ల నడుమ వెల్డింగ్ మంట పెట్టలేక చల్లగానే కుట్టడం నేర్చుకున్నారు.

మా షెడ్డులోనూ వెల్డింగ్ వద్దన్నారు, కానీ కారణం వేరు. పోత ఇనుములోని కార్బన్ వల్ల వెల్డింగ్ పక్కనున్న పొర చల్లారేసరికి గాజులా పెళుసుబారుతుంది. అతుకు పెట్టిన చోట బాగానే ఉండి, దాని పక్కన కొత్త నెర్రె పడుతుంది. చేయాలంటే హెడ్డు మొత్తాన్ని అయిదారు వందల డిగ్రీలకు కాచి, నికెల్ రాడ్డుతో వేసి, బూడిదలోనో ఇసుకలోనో కప్పి రోజంతా మెల్లగా చల్లార్చాలి. పోత ఇనుమును వెల్డింగ్‌తో అతికిన వాళ్లు లేకపోలేదు. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగినప్పుడు, తమ రేవుల్లో నిలిచిపోయిన జర్మన్ ఓడలను పట్టుకున్నది. వాటి సిబ్బంది ముందే ఇంజన్ సిలిండర్లను సమ్మెటలతో పగలగొట్టారు, ఇక ఏళ్ల తరబడి కదలవనుకున్నారు. విద్యుత్ వెల్డింగ్‌తో, లోహపు అతుకులతో నెలల్లోనే వాటిని సముద్రంలోకి దింపారు. అదే ఓడలు అమెరికా సైనికులను యూరప్‌కు మోశాయి.

హెడ్డు బిగించేటప్పుడు మేస్త్రి నట్లను నడుమ నుంచి అంచులకు, వరుస తప్పకుండా, మూడు విడతల్లో బిగించాడు. రేడియేటర్‌లో నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు పోసి ఇరవై నిమిషాలు తిప్పి దించితే, చాయ్ రంగు నీళ్లతో పాటు ఇసుకలా సున్నం వచ్చింది. బాత్రూం కడిగే యాసిడ్ పోస్తే ఇంకా తొందరగా పోతుందని పక్కనున్న కుర్రవాడన్నాడు. "సున్నంతోని ఇనుము గూడ పోతది," అన్నాడు మేస్త్రి. హెడ్డు విప్పినప్పుడు తీసి పారేసిన థర్మోస్టాట్ మాత్రం తిరిగి పెట్టలేదు. ఈ విషయంలో నేను ఆయనతో ఏకీభవించను. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి ఆలస్యంగా చేరుతుంది, వేడీ చల్లనా తేడా పెరుగుతుంది, గట్టు మళ్లీ అదే గుంజులాటలో పడుతుంది. కానీ మూడొద్దుల పనికి నేను వాదన పెట్టుకోలేదు.

నీళ్ల విషయంలో ఆయన చెప్పిందే సరి. కూలెంట్ కలిపిన డిస్టిల్డ్ వాటర్ మేలు. అది లేనప్పుడు వాననీళ్లు, మిషన్ భగీరథ నల్లాలో వచ్చే నది నీళ్లు బోరు కన్నా నయం. పట్నంలో ఏసీ నుంచి కారే నీళ్లు కూడా ఉప్పు లేని నీళ్లే. ఉత్త మెత్తటి నీళ్లు మాత్రమే పోస్తే తుప్పు పడుతుంది, అందుకే కూలెంట్.

ట్రాక్టర్ మూడొద్దులకు బదులు ఆరొద్దులు నడిచింది. సాళ్లు అయిపోయాయి, గింజ పడింది. మామ రేడియేటర్ మూతను సగమే బిగించి, రెండో గేరు దాటకుండా, సాళ్ల కొసన ఆగి ఆగి నడిపాడు. ఏడో రోజు సుద్దపొడి చల్లి చూస్తే కుట్టు పక్కన ఏమీ లేదు. మూడో సిలిండర్ గట్టు మీద కొత్త గీత ఉంది.

కొత్త హెడ్డు తేవడానికి పోతుంటే ఊరి బయట బోరు లారీ నిలబడి ఉంది. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన బండి. రాత్రంతా తవ్వి నీళ్లు పట్టారు. కంప్రెసర్ ఇంజన్ మూత మీద తడి గోనె వేసి, క్లీనర్ పిల్లవాడు అప్పుడే తేరుకుంటున్న ఆ కొత్త బోరు నీళ్లను క్యాన్‌లో పట్టి, రేడియేటర్‌లో పోస్తున్నాడు.